91 డేస్: అవిలియో నెరోను ఎందుకు చంపలేదు?

91 డేస్ అంటే ఒక జపనీస్ యానిమే (బొమ్మల) సిరీస్. తన కుటుంబాన్ని చంపిన మాఫియా ముఠా మీద పగ తీర్చుకోవడానికి వచ్చినవాడు అవిలియో, ఆ ముఠా నాయకుడి కొడుకు నెరో. అడిగినది క్లుప్తంగా ఇదీ: "91 డేస్ చూడటం అయిపోయింది. నెరోను చంపడానికి అవిలియోకి అన్ని అవకాశాలు వచ్చినా ఎందుకు చంపలేదు? చివర్లో సముద్రం ఒడ్డున నెరో నిజంగానే చంపేశాడా, వదిలేశాడా? అసలు పగ తీరినట్టా, తీరనట్టా?"

తమ్ముడూ, ఇక్కణ్నుంచి చివరిదాకా అన్నీ స్పాయిలర్లే. ఇంకా చూడనివాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి ఇక్కడే ఆపేసి, ఆ 12 ఎపిసోడ్లూ చూసి రండి. ఎవరు ఎవర్ని చంపుతారో ముందే తెలిసిపోతే ఈ సిరీస్‌లో పోయేది చాలా ఉంటుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అవిలియో మొదట్లో నెరోను చంపకపోవడానికి కారణం ప్లాను. మధ్యలో ఆ ప్లానే సాకు అయింది. చివరికి వచ్చేసరికి ఆ సాకు కూడా అక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే అప్పటికి ఈ లోకంలో అతనికి మిగిలిన మనిషి నెరో ఒక్కడే. పగ తీరిందా అంటే, తీరింది. పూర్తిగా తీరింది. కాకపోతే అది తీరిన చోటు నువ్వనుకుంటున్న ఆ సముద్రం ఒడ్డు కాదు, పదో ఎపిసోడ్. అది ఎలాగో చెప్పడానికే ఇంత పెద్ద సమాధానం.

మళ్లీ ఒకసారి కథ మొదటికి వెళ్దాం. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజులు, లాలెస్ అనే కల్పిత ఊరు. ఏంజెలో లగుసా అనే పిల్లాడి తమ్ముడు లూచె పుట్టినరోజు నాడు, మాఫియా మనిషి విన్సెంట్ వానెట్టి తన వాళ్లతో ఇంటికొచ్చి అమ్మనీ నాన్ననీ తమ్ముణ్నీ చంపేస్తాడు. తప్పించుకున్న ఏంజెలో వెంట పడ్డది విన్సెంట్ పెద్ద కొడుకు నెరో. అప్పటికి వాడూ కుర్రాడే, చంపలేకపోతాడు. ఏడేళ్ల తర్వాత అవిలియో అన్న పేరుతో బతుకుతున్న ఏంజెలోకి ఆకాశరామన్న ఉత్తరం ఒకటి వస్తుంది, ఆ రాత్రి వచ్చినవాళ్లలో ముగ్గురి పేర్లతో. అతను లాలెస్‌కి తిరిగొచ్చి, చిన్ననాటి స్నేహితుడు కోర్తెయో కాచే సారాను పట్టుకుని వానెట్టి ముఠాలో చేరి, నెరోకు దగ్గరవుతాడు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. కోర్తెయో ఈ కథలో పక్కన నిలబడే స్నేహితుడు కాదు. ఆ ఊళ్లో తుపాకులున్నవాళ్లు బోలెడుమంది, మంచి సరుకు తీయగలిగినవాడు మాత్రం అతనే. అప్పటి పరిస్థితి తెలిస్తే ఇది బాగా అర్థమవుతుంది. 1920 జనవరిలో మొదలై 1933 డిసెంబర్‌లో ఎత్తేసేదాకా అమెరికాలో మద్యం తయారుచేయడం, అమ్మడం, రవాణా చేయడం నేరం. కానీ తాగడాన్ని ఆ చట్టం నేరంగా పెట్టలేదు. అంటే తాగేవాడు అలాగే ఉన్నాడు, అడిగేవాడు అలాగే ఉన్నాడు, అందించేవాడు మాత్రం రాత్రికి రాత్రే నేరస్థుడయ్యాడు. దానికి తోడు ఫ్యాక్టరీల ఆల్కహాల్‌ని ఎవరూ తాగకుండా అందులో మిథనాల్ లాంటి విషాలు కలిపేవాళ్లు. అదే దొంగదారిన బయటికొచ్చి జనం చూపు పోగొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటి రోజుల్లో తాగితే ప్రాణం మీదికి రాని, పైగా రుచిగా ఉండే సరుకు తీసే మనిషి అంటే బంగారు గని. అతని సరుకు పేరు లాలెస్ హెవెన్. రెండు ముఠాలు దాని కోసం కొట్టుకుంటాయంటే ఆశ్చర్యం లేదు.

మన దగ్గర ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టి, 1997లో అది సడలిపోయేదాకా పక్క రాష్ట్రాల నుంచి సరుకు ఎలా వచ్చేదో, ఊళ్ల చివర బెల్లం ఊట ఎక్కడ దాచేవాళ్లో చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లోనే ఉండి ఉంటారు. వాళ్లతో కూర్చుని మొదటి రెండు ఎపిసోడ్లు చూడు, నీకంటే త్వరగా వాళ్లే పట్టేస్తారు.

సరే, అసలు విషయానికి వద్దాం. అవిలియో మొదటి హత్య వానో. రెండో ఎపిసోడ్‌లో. వానో అంటే నెరోకు చిన్ననాటి స్నేహితుడు, నవ్వుతూ నవ్విస్తూ తిరిగేవాడు, వచ్చీరాగానే అవిలియోని సొంత మనిషిలా కలుపుకున్నవాడు. ఏడేళ్ల క్రితం ఆ ఇంట్లో ఉన్నవాడు కూడా. శత్రు ముఠావాడు సెర్పెంటెను పట్టుకోవడానికి వానోతో కలిసి వెళ్లి, అక్కడ ఆ ఇద్దర్నీ చంపి, ఒకర్నొకరు కాల్చుకున్నట్టు కనపడేలా చేసి వస్తాడు అవిలియో. ఆ పనిలో ఎక్కడా తొందర లేదు, చెయ్యి వణకడం లేదు. తర్వాత నెరో ఏడుస్తుంటే పక్కనే నిలబడి చూస్తాడు. సిరీస్ మనకి అక్కడే చెప్పేసింది, వీడు తుపాకీతో ఒక్కొక్కరినీ లేపేసి వెళ్లిపోవడానికి రాలేదని. తనకి ఏం జరిగిందో అదే వాళ్లకీ జరగాలి. అమ్మానాన్నలు పోవడం ఒక ఎత్తు, కళ్లెదుటే పోతుంటే ఏమీ చేయలేకపోవడం ఇంకో ఎత్తు. నెరోను రెండో ఎపిసోడ్‌లోనే చంపేస్తే నెరోకు ఆ నొప్పి తెలియదు కదా. నీ మొదటి ప్రశ్నకి మొదటి జవాబు అది. నెరో బతికుండాలి, ఎందుకంటే ఈ శిక్ష అనుభవించాల్సింది అతను, అతని తండ్రి.

తర్వాత ఆ ప్లాను ఎక్కడ కలుషితమైందంటే, నాలుగో ఎపిసోడ్‌లో. నెరో ప్రాణానికి ముప్పొచ్చి ఊరొదిలి పారిపోవాల్సి వస్తుంది, అవిలియో తోడుగా వెళ్తాడు. కథ పరంగా చూస్తే పెద్దగా ఏమీ జరగని ఎపిసోడ్, ఫోరమ్‌లో కొందరు "ఫిల్లర్" అని కూడా అన్నారు. నేను అస్సలు ఒప్పుకోను. ఈ ఎపిసోడ్ తీసేస్తే చివరి ఎపిసోడ్ నిలబడదు. కారులో రోజంతా పక్కపక్కన కూర్చుని, తిని, తిట్టుకుని, నవ్వుకుని, ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నాక, శత్రువు అన్న ముక్క గుర్తుండటానికి కూడా కష్టపడాల్సి వస్తుంది. అప్పుడప్పుడూ అవిలియో ముఖంలో ఒక్క క్షణం నవ్వు తొంగిచూసి వెంటనే ఆగిపోతుంది. దర్శకుడు హిరో కబురాగి అంతకుముందు స్కూలు పిల్లల ప్రేమకథలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. మాఫియా కథ ఆయనకెందుకిచ్చారని మొదట్లో అనుకున్నవాళ్లున్నారు గానీ, సరిగ్గా ఈ చోటే ఆయన పనితనం కనపడుతుంది. ఎదుటివాడు చూడనప్పుడు మనిషి ముఖం ఎలా మారుతుందో తీయడం ఆయనకి తెలుసు. అవిలియోకి గొంతిచ్చిన తకాషి కోండో కూడా దాదాపు ఒకే స్థాయిలో, ఎత్తకుండా మాట్లాడతాడు. నెరోగా తకుయా ఎగుచి అందుకు పూర్తిగా వ్యతిరేకం, లోపల ఉన్నదంతా బయటికి కక్కేస్తాడు. వీలుంటే జపనీస్ గొంతులతోనే చూడు, ఆ ఇద్దరి తేడా చెవికి బాగా తెలుస్తుంది.

మధ్యలో శత్రు ముఠా నాయకుడు ఓర్కో, ఆ ముఠాలోనే ఉన్న ఫాంగోల గొడవ చాలా ఉంది. ఓర్కోకి ఇష్టమైన లసాన్యా అనే ఇటాలియన్ వంటకం సంగతి కడుపులో తిప్పేలా ఉంటుంది, ఫాంగో పిచ్చితనం భయపెడుతుంది, కానీ నీ ప్రశ్నకి అవి అంతగా అవసరం లేదు. నేరుగా ఏడో ఎపిసోడ్‌కి వచ్చేస్తాను.

నెరో తమ్ముడు ఫ్రాతె. మెతక మనిషి, అన్నంటే ప్రేమ ఉంది, అన్న నీడలో పెరిగిన బాధ కూడా ఉంది. చికాగోలోని గలాసియా అనే పెద్ద ముఠాతో చేతులు కలిపితేనే ఇల్లు నిలబడుతుందని నమ్మాడు. వాళ్ల అక్కచెల్లెళ్లలో ఫియో అనే అమ్మాయిని అప్పటికే గలాసియా వంశానికి చెందిన రొనాల్డోకి ఇచ్చి చేశారు. ఆ రొనాల్డో ఫ్రాతెను మెల్లగా తన చేతిలోకి తీసుకున్నాడు. నెరోది తలవంచని రకం. ఇల్లు రెండుగా చీలిపోయింది. ఆ చీలికలో ప్రతిచోటా అవిలియో వేలు ఉంది, ఇటు నెరోకి సలహాలిస్తూ, అటు పరిస్థితిని ముదరబెడుతూ. చివరికి అన్నాదమ్ములు తుపాకులతో ఎదురెదురుగా నిలబడే చోటికి కథ చేరుతుంది. తమ్ముణ్ని నెరోనే కాల్చాడు. తన చేత్తో.

ఇప్పుడు పదో ఎపిసోడ్. అవిలియో మీద నెరో మనిషి బార్బెరో మొదట్నుంచీ అనుమానంతోనే ఉన్నాడు. ఆ అనుమానం కోర్తెయో మీదుగా బిగుసుకుంటూ వచ్చింది. కోర్తెయో అప్పటికే నలిగిపోయాడు. మాఫియా అంటే అసహ్యమున్న మనిషి, కళ్లద్దాలు పెట్టుకుని తన పనేదో తాను చూసుకునే మనిషి, స్నేహితుడి పగ కోసం ఈ ఊబిలోకి దిగాడు. అదే స్నేహితుడు రోజురోజుకీ నెరోకు దగ్గరవుతుంటే దూరం నుంచి చూశాడు. ఫాంగో చేతికి చిక్కాడు, సమాచారం ఇచ్చాడు, చివరికి ఆ ఫాంగోనే చంపి తిరిగొచ్చాడు. పారిపోవచ్చు, పోలేదు. అవిలియోని కాపాడాలని వచ్చాడు. అప్పుడు అవిలియో ముందున్నది ఒకటే దారి. నెరో ఎదుట తన నమ్మకం నిరూపించుకోవాలంటే కోర్తెయోని కాల్చాలి. కాల్చాడు.

ఈ రెండు దృశ్యాలనీ పక్కపక్కన పెట్టి చూడు తమ్ముడూ. ఏడో ఎపిసోడ్‌లో నెరో తన తమ్ముణ్ని తన చేత్తో చంపుకున్నాడు, అలా జరిగేలా చేసింది అవిలియో. పదో ఎపిసోడ్‌లో అవిలియో తనకి తమ్ముడి లెక్కన ఉన్నవాణ్ని తన చేత్తో చంపుకున్నాడు, అలా జరిగేలా చేసింది నెరో. నెరో అది పగతో చేయలేదు, అతనికి ఏమీ తెలియదు, ముఠా నాయకుడిగా ఎవరైనా అడిగేదే అడిగాడు. అయినా లెక్క లెక్కే. ఒకరి చేత ఒకరు సొంత మనుషుల్ని చంపించుకున్నారు. ఈ సిరీస్ రాసిన తాకు కిషిమోతో ఇదంతా పైకి ఎక్కడా చెప్పించడు, ఏ పాత్రా నిలబడి "నువ్వూ నేనూ ఒకటే" అని డైలాగ్ కొట్టదు, అందుకే చాలామందికి అది అందకుండా దాటిపోయింది. కథంతా నడుమ విరిగేది ఇక్కడ. ఏడేళ్లుగా అవిలియోని నడిపించింది చనిపోయినవాళ్ల మీది ప్రేమ. బతికున్న ఒక్కగానొక్క ఆప్తుణ్ని చంపుకున్నాక ఆ ప్రేమ పేరు చెప్పుకునే హక్కు అతనికి ఉండదు, అతనికీ తెలుసు. అందుకే పదో ఎపిసోడ్ తర్వాత అవిలియో ముఖం చూడు, కోపం లేదు. మొదలుపెట్టిన పని ముగించాలి కాబట్టి ముగిస్తున్నాడు, అంతే.

మిగిలిన పని కూడా ముగించేశాడు. ఉత్తరం రాసింది, ఆ రాత్రి ఇంట్లో ఉన్న నాలుగో మనిషి, ఇద్దరూ గాంజోనే అని తెలుస్తుంది. వానెట్టి పెద్దల్లో ఒకడు, తన లాభం కోసం ఈ కుర్రాణ్ని పనిముట్టులా వాడుకోవాలనుకున్నవాడు. అంటే ఏడేళ్ల పగ కూడా పూర్తిగా అతని సొంతం కాదు, ఇంకొకడు నిప్పంటించినది. విన్సెంట్ ఎంతో ఇష్టంగా కట్టించుకున్న థియేటర్ ప్రారంభోత్సవం రాత్రి అంతా కూలిపోతుంది. గలాసియావాళ్లు వానెట్టి వంశాన్ని తుడిచిపెట్టేస్తారు. జాబితాలో ఎవరూ మిగల్లేదు, నెరో తప్ప. ఆ రోజుల్లో చికాగో ముఠాల బలం ఎంతో తెలియాలంటే 1929 ఫిబ్రవరి 14న అక్కడ గ్యారేజీలో 7 మందిని గోడకి నిలబెట్టి కాల్చిన సంగతి చదువు. లాలెస్ లాంటి చిన్న ఊరి కుటుంబం వాళ్లకి ఎదురు నిలిచే ప్రశ్నే లేదు, ఆ లెక్క అవిలియో ముందే వేసుకున్నాడు.

ఇక చివరి ఎపిసోడ్. తన ఇంటిని సర్వనాశనం చేసినవాడని తెలిసి కూడా నెరో అవిలియోని అక్కడికక్కడ చంపడు. కారెక్కించుకుని బయల్దేరతాడు. ఇది నాలుగో ఎపిసోడ్ ప్రయాణమే మళ్లీ, కాకపోతే ఈసారి ఇద్దరికీ అన్నీ తెలుసు, దాచుకోవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నన్నెందుకు చంపలేదని నెరో అడుగుతాడు. నిన్ను చంపాలనిపించలేదు అన్న భావం వచ్చేలా అవిలియో చెప్తాడు. సిరీస్ మొత్తంలో అతను ముసుగు లేకుండా మాట్లాడిన మాటలు చాలా తక్కువ, అందులో ఇదొకటి. నువ్వడిగిన మొదటి ప్రశ్నకి రచయితే ఇచ్చిన సమాధానం అది. ప్లాను అనీ, ఇంకా సమయం రాలేదనీ తనకి తాను చెప్పుకుంటూ వచ్చిందంతా ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయింది.

తర్వాత ఒడ్డున ఇద్దరూ నడుస్తారు, కాల్పు వినిపిస్తుంది, శవం కనపడదు, అలలొచ్చి అడుగుజాడల్ని చెరిపేస్తాయి. చంపాడా? ఈ విషయంలో అభిమానులు రెండు వర్గాలు, నేను "చంపలేదు" వర్గం. నా కారణాలు చెప్తాను, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం నీ ఇష్టం.

ఈ సిరీస్ చావుని దాచదు. వానో, ఫ్రాతె, కోర్తెయో, ఫాంగో, అందరి చావులూ కళ్లకి కట్టినట్టు చూపించి, పోయాక వాళ్ల ముఖాలూ చూపించి, మనల్ని తప్పించుకోనివ్వకుండా కూర్చోబెట్టింది. అలాంటిది అన్నిటికంటే ముఖ్యమైన చావుని మాత్రం చూపించకుండా శబ్దం ఒక్కటే వినిపించిందంటే, అది ఊరికే అందం కోసం చేసిన పని అని నేననుకోను. ఇంకోటి, కథ మొదలైందే నెరో ఒక పిల్లాణ్ని చంపలేకపోవడంతో. ఆ రోజు చంపి ఉంటే ఏదీ జరిగేది కాదని ఇప్పుడు నెరోకూ తెలుసు. తెలిసి కూడా రెండోసారి అదే పని చేయగలగడం, ఈసారి భయంతో కాకుండా ఇష్టపడి వదిలేయగలగడం, నెరో అనే మనిషికి సరిపోతుంది. తిరిగి వెళ్తూ కారులో ఉన్న పైనాపిల్ డబ్బాని చూసి నవ్వుకుంటాడు చూడు, రెండోసారి తమ్ముణ్ని చంపుకుని వస్తున్నవాడి నవ్వు కాదది.

అవతలి వర్గం వాదన కూడా తక్కువదేం కాదు. అవిలియో అప్పటికే బతకాలన్న ఆశ వదిలేసినవాడు, గలాసియా మనుషులు వెంట పడుతున్నారు, వాళ్ల చేతిలో చావడం కంటే నెరో చేతిలో పోవడమే అతనికి దయ అంటారు. ఆ నవ్వు కూడా అన్నీ ముగిసినవాడి నవ్వే అంటారు. మంచి వాదనే. కానీ "బతకడానికి కారణం అక్కర్లేదు, బతకాలి అంతే" అన్న అర్థంలో మాట్లాడిన నెరో, వెంటనే అదే మనిషిని కాల్చేస్తాడంటే నాకు నమ్మబుద్ధి కాదు. అంతవరకు ఏ పాత్రా చావుని దయగా ఇచ్చిన దాఖలా ఈ కథలో లేదు. ప్రతి చావూ ఇంకొకరి మీద బరువు వేసి పోయింది.

నువ్వు అడగలేదు గానీ ఇంకో మాట. మధ్య ఎపిసోడ్లలో బొమ్మల నాణ్యత పడిపోయిందని, ముఖాలు సరిగ్గా రాలేదని చాలామంది వదిలేశారు. నిజమే, పడిపోయింది. షుకా చిన్న స్టూడియో, 2016 జులైలో మొదలుపెట్టి ఆ సీజన్లోనే ముగించాలి, పైగా మాంగా (జపనీస్ బొమ్మల కథల పుస్తకం) ఆధారం లేకుండా కథంతా కొత్తగా అల్లుకున్నది. దానికే సిరీస్‌ని కొట్టేయడం అన్యాయం. ఐదారు ఎపిసోడ్లు ఓపిక పడితే ఏడు నుంచి మళ్లీ నిలబడుతుంది. పేర్లు గుర్తుండకపోవడం ఇంకో తలనొప్పి, అందరూ ఇటాలియన్ పేర్లే, టోపీలూ కోట్లూ ఒకేలా ఉంటాయి. మొదటి మూడు ఎపిసోడ్లు చూసేటప్పుడు ఎవరు వానెట్టి, ఎవరు ఓర్కో, ఎవరు గలాసియా అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆ తలనొప్పి పోతుంది.

మళ్లీ చూడాలనిపిస్తే మొత్తం చూడక్కర్లేదు. 4, 7, 10, 12 వరుసగా ఒకే పూట చూడు. కోర్తెయో మాట్లాడని చోట్ల అతని మీదే కళ్లు పెట్టు, ముఖ్యంగా అవిలియో, నెరో కలిసి నవ్వుతున్నప్పుడు. 7 తర్వాత వచ్చే ఏడున్నర (7.5) అనే ఎపిసోడ్ పాత కథని మళ్లీ చెప్పేది మాత్రమే, వదిలెయ్. 12 తర్వాత విడిగా వచ్చిన స్పెషల్‌లో చిన్న చిన్న కథలున్నాయి, అవి చూడు, కానీ 12 చూసిన రాత్రే కాదు. ఒక రోజు ఆగి చూడు. ఇవన్నీ చూశాక కూడా నెరో చంపాడనే నీకనిపిస్తే ఇక్కడే రాయి, ఏ దృశ్యం చూసి అలా అనిపించిందో కూడా చెప్పు, దాని మీద మాట్లాడుకుందాం.